చెన్నై ఫ్లాట్‌లో మోడల్ రైలు: టేపు పట్టడం నుంచి నడపడం దాకా

రైలు కొనకముందు టేపు తీయండి. ఈ సరదాలో డబ్బు దండగయ్యేది ఎక్కువగా వంపు దగ్గరే. ముచ్చటపడి పెద్ద ఇంజను, ఆరు బోగీలు తెప్పించుకున్నాక చూస్తే, అవి తిరగడానికి హాలు మొత్తం ఖాళీ చేయాల్సి వస్తుంది. అందుకని వరస ఇది: గది, వంపు, స్కేలు, బల్ల, పట్టాలు, కరెంటు. ఇంజను ఆఖర్న.

స్కేలు, వంపు: ఈ లెక్క తప్పితే మిగతావన్నీ తప్పుతాయి

మనకు పనికొచ్చేవి ముఖ్యంగా రెండు స్కేళ్ళు. హెచ్‌ఓ అంటే అసలు రైలులో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఎన్ అంటే 160వ వంతు, పట్టాల మధ్య 9 మి.మీ. జపాన్ కంపెనీల ఎన్ బోగీలు చాలావరకు 150వ వంతులో ఉంటాయి, కానీ పట్టా అదే. బ్రిటన్ వాళ్ళ ఓఓ 76వ వంతు అయినా నడిచేది 16.5 పట్టా మీదే. కాబట్టి హార్న్‌బీ కంపెనీ ఓఓ ఇంజనునూ బాక్‌మన్ కంపెనీ హెచ్‌ఓ ఇంజనునూ ఒకే లైను మీద పెట్టొచ్చు. స్టేషన్లూ మనుషుల బొమ్మలూ కలిపి కొనేటప్పుడు మాత్రం స్కేలు చూసుకోండి, లేకపోతే ప్లాట్‌ఫాం మీద కూలీ కిటికీ అంత ఎత్తుంటాడు.

ఇప్పుడు మన బోగీల పొడవు. పెరంబూరులోని ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో 1955 నుంచి 2018 దాకా తయారైన పాత తరహా ఐసీఎఫ్ బోగీ పెట్టె పొడవు 21.337 మీటర్లు. హెచ్‌ఓలో అది 245 మి.మీ. అవుతుంది. దాని స్థానంలో వచ్చిన ఎల్‌హెచ్‌బీ బోగీ 23.54 మీటర్లు, అంటే 270 మి.మీ. డబ్ల్యూఏపీ-7 కరెంటు ఇంజను 236 మి.మీ. దాకా వస్తుంది.

వంపు వ్యాసార్ధానికి ఒక మోటు సూత్రం ఉంది. మీ దగ్గరున్న అతి పొడుగు బోగీకి రెండింతలుంటే రైలు నడుస్తుంది, చూడ్డానికి బావుండదు. రెండున్నర ఇంతలైతే నమ్మకంగా నడుస్తుంది. మూడింతలుంటేనే కంటికి అసలు రైలులా కనిపిస్తుంది. ఐసీఎఫ్‌కి మూడింతలంటే 735 మి.మీ. వ్యాసార్ధం, అంటే వంపు ఒక్కటే దాదాపు 5 అడుగుల వెడల్పు తింటుంది.

అందరూ మొదలుపెట్టే 8 అడుగుల, 4 అడుగుల ప్లైవుడ్ సంగతి చూద్దాం. హార్న్‌బీ, పీకో రెడీమేడ్ వంపు ముక్కలు 371, 438, 505, 572 మి.మీ. వ్యాసార్ధాల్లో వస్తాయి. 4 అడుగులంటే 1220 మి.మీ. 572 వేస్తే స్లీపర్లతో (పట్టాల కింది అడ్డ దిమ్మెలతో) కలిపి 1174 అవుతుంది, అంచుకు మిగిలేది చెరో 23 మి.మీ. పట్టా తప్పిన ఇంజను నేరుగా నేలమీదికే. 505 వేస్తే చెరో 90 మి.మీ. మిగులుతుంది. కాబట్టి ఆ బల్ల మీద బయటి లైను 505. ఐసీఎఫ్‌కి అది రెండింతల పైచిలుకు, పర్లేదు. వంపులో బోగీ మధ్యభాగం 7 మి.మీ. లోపలికి, కొసలు అంతే బయటికి తోసుకొస్తాయి. సిగ్నల్ స్తంభాలు, ప్లాట్‌ఫాం అంచు ఆ లెక్కన దూరం జరపాలి. ఎల్‌హెచ్‌బీ బోగీలకు రెండింతలైనా రాదు. 4 అడుగుల బల్ల మీద వాటి జోలికి వెళ్ళకండి. లోపల 438 లైను వేస్తే దాన్ని గూడ్సు వ్యాగన్లకు వదిలేయండి. బాక్సెన్ వ్యాగను హెచ్‌ఓలో 123 మి.మీ.యే కాబట్టి హాయిగా తిరుగుతుంది.

ఎన్‌లో ఇదే లెక్క ఎంత తేలికో చూడండి. జపాన్ కంపెనీ కాటో అమ్మే యూనిట్రాక్ పట్టాల్లో 315 మి.మీ. వంపు వేసి, అటూ ఇటూ 248 మి.మీ. తిన్నని ముక్కలు రెండేసి పెడితే మొత్తం 1150 మి.మీ. పొడవు, 655 వెడల్పు. రెండున్నర అడుగుల, 4 అడుగుల బల్ల మీద పడుతుంది. 20 మీటర్ల జపాన్ బోగీ 133 మి.మీ. అవుతుంది కాబట్టి వంపు దానికి 2.4 ఇంతలు. అంటే సగం కంటే తక్కువ చోటులో, పెద్ద బల్ల మీది హెచ్‌ఓ కంటే అందంగా తిరుగుతుంది. చిక్కల్లా ఒకటే, ఎన్‌లో మన రైళ్ళు దొరకడం అరుదు. పినాకినీ ఎక్స్‌ప్రెస్సే కావాలంటే హెచ్‌ఓకి రండి, చోటు వెతుక్కోండి. రైలేదైనా పర్లేదు, సాఫీగా నడిస్తే చాలంటే ఎన్ చేతికందే దారి.

హెచ్‌ఓలో మన బ్రాడ్‌గేజి అసలు లెక్కకు రాదని కూడా తెలుసుకోండి. 1676 మి.మీ.ని 87తో భాగిస్తే 19.26 రావాలి, మనం నడిపేది 16.5 మీద. అది 1435 స్టాండర్డ్ గేజి లెక్క. చిత్రమేమిటంటే ఆ పట్టా సరిగ్గా సరిపోయేది చెన్నై మెట్రోకి, అదే స్టాండర్డ్ గేజి. ఒకప్పటి బీచ్-తాంబరం మీటరు గేజి కరెంటు బండ్ల మీద మోజున్నవాళ్ళకి 12 మి.మీ. పట్టా వేరే ఉంది, కానీ మొదటి లేఅవుట్‌కి దాన్ని ఎత్తుకోవద్దు.

గుండ్రంగా తిరిగేదే వద్దనుకుంటే గోడ వారగా 8 అడుగుల పొడవు, అడుగు వెడల్పు పలక చాలు. రెండు పాయింట్లు (రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్ళించే చీలికలు), మూడు సైడింగులు (వ్యాగన్లు నిలిపే పక్క లైన్లు): ఒకదాంట్లో 5 వ్యాగన్లు, మిగతా రెంటిలో మూడేసి పట్టాలి. షంటింగ్ కొనలో ఇంజనుతో పాటు 3 వ్యాగన్లకు చోటుండాలి. 8 వ్యాగన్లలోంచి చీటీ తీసి వచ్చిన 5 వ్యాగన్లను ఆ వరసలోనే కూర్చడం ఆట. వారం రోజుల్లో విసుగొస్తుందనుకుంటారు గానీ, గుండ్రం లైనే ముందు విసుగొస్తుంది.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి

మొదటిది ఓల్టేజి. అమెరికా నుంచి బావమరిది తెచ్చిన సెట్టులో కంట్రోలరు అడాప్టరు 120 ఓల్టులది ఉంటుంది. జపాన్‌ది 100. మన గోడ సాకెట్టులో 230. ప్లగ్గుకి కన్వర్టరు ముక్క తగిలించి గుచ్చితే పొగే. ఆ ముక్క పిన్నుల ఆకారం మారుస్తుంది, ఓల్టేజి మార్చదు. అడాప్టరు వెనక "100-240" అని రాసుంటే సరే. లేకపోతే కంట్రోలరు ఎన్ని ఓల్టులు, ఏసీయా డీసీయా, ఎన్ని ఆంపియర్లు అడుగుతోందో దాని మీదే చదివి, అలాంటి అడాప్టరు రిచీ స్ట్రీట్‌లో తీసుకోండి. అడాప్టరు పిన్ను కొసన ప్లస్సు లోపలా బయటా అన్నది కూడా చూడాలి.

రెండోది పట్టా లోహం. బాక్‌మన్ ఈజీ ట్రాక్ రెండు రకాలుగా వస్తుంది. నల్ల గట్టు ఉన్నది ఉక్కు పట్టా, బూడిద రంగు గట్టు ఉన్నది నికెల్ సిల్వర్. చవక సెట్లలో ఎక్కువగా నల్లదే పెడతారు. హైదరాబాదులో అది కొన్నేళ్ళు లాగుతుంది. తిరువాన్మియూరులోనో బీసెంట్ నగర్‌లోనో ఒక్క వానాకాలానికే తుప్పు పడుతుంది. సముద్రానికి దూరంగా అంబత్తూరులో ఉన్నా సరే, నికెల్ సిల్వరే కొనండి. దానికీ చిలుము పడుతుంది గానీ తుడిస్తే పోతుంది.

మూడోది సుంకం. 2023 బడ్జెట్‌లో ఆటబొమ్మల మీద కస్టమ్స్ సుంకం 60 నుంచి 70 శాతానికి పెరిగింది. స్కేలు మోడళ్ళు కూడా కస్టమ్స్ పట్టికలో ఆ పద్దు కిందికే వస్తాయి, పైన జీఎస్టీ. విదేశీ సైట్లో ధర చూసి చవకనుకోకుండా, ఇంటి గుమ్మానికి చేరేసరికి ఎంతవుతుందో లెక్కేసుకున్నాకే బటన్ నొక్కండి.

505 వంపుతో 8 అడుగుల బల్లకి కావాల్సిన సరుకు: 45 డిగ్రీల వంపు ముక్కలు 8, 335 మి.మీ. తిన్నని ముక్కలు 6, 168 మి.మీ.వి 2. పాయింట్లు ఇప్పుడే వద్దు. కంట్రోలరు 12 ఓల్టులు, 1 ఆంపియరు. ఒక ఇంజను, నాలుగు బోగీలు. బఫర్లతో కలిపి నాలుగు ఐసీఎఫ్ బోగీలు 1 మీటరు చిల్లర, ఆ తిన్నని లైను వెంబడి కట్టే ప్లాట్‌ఫాంకి సరిపోతాయి. అసలు 24 బోగీల రైలు పెట్టాలంటే హెచ్‌ఓలో 6 మీటర్లు దాటుతుంది. దాన్ని పెట్టే హాలు చెన్నైలో ఎవరింట్లో ఉందో వాళ్ళకి ఈ వ్యాసంతో పనిలేదు.

బల్ల

ప్లైవుడ్ 12 మి.మీ.ది తీసుకోండి. దాని మీద ముద్ర చూడండి. ఐఎస్ 710 అని ఉంటే మెరైన్ గ్రేడు, ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ అయినా పర్లేదు. ఎంఆర్ అని ఉన్నది చెన్నై చెమ్మకు ఉబ్బి అలలు తేలుతుంది. 8 అడుగుల షీటు చాలా అపార్ట్‌మెంట్ల లిఫ్టులో పట్టదు. అందుకని షాపులోనే 4 అడుగుల చొప్పున రెండుగా కోయించండి. ఒక్కో ముక్క కింద 2 అంగుళాల, 1 అంగుళం రీపర్లతో చట్రం కట్టి, మధ్యలో 40 సెం.మీ.కి ఒక అడ్డపట్టీ వేయండి. చట్రం లేని 12 మి.మీ. ప్లై ఆరు నెలల్లో మధ్యలో దిగుతుంది. కోసిన అంచులకీ అడుగు భాగానికీ రెండు పూతలు ప్రైమరు తప్పనిసరి, చెమ్మ ఎక్కేది అక్కణ్ణించే.

రెండు ముక్కలూ రెండు బోల్టులతో కలపాలి. పట్టా ఆ అతుకు దాటే చోట, రెండు ముక్కల అంచుల్లోనూ ఒక్కో పట్టా కింద ఇత్తడి స్క్రూ దించి, పట్టాను దాని తలకి టంకం వేసి, ఆ తరవాత సన్నని రంపంతో కోయండి. అప్పుడే విప్పి మళ్ళీ కలిపినా పట్టాలు ఒకదానికొకటి సూటిగా నిలుస్తాయి.

అద్దె ఇంట్లో గోడకు బెజ్జాలు వేయనివ్వరు కాబట్టి మడత కాళ్ళ మీదే పెట్టుకోవాలి. నిలబడి చూడ్డానికి 110 సెం.మీ. ఎత్తు బావుంటుంది. చెయ్యి అందేది 75 సెం.మీ. వరకే. 4 అడుగుల బల్లను గోడకు ఆనించి పెడితే అవతలి వంపులో బోల్తా పడ్డ బోగీ అక్కడే ఉండిపోతుంది. రెండు వైపులా మనిషి నడిచే చోటుంచండి.

చోటు ఎంపికలో ఇంకో మాట. వంటింటి పక్క గది వద్దు. తాలింపు నూనె ఆవిరి పట్టాల మీద పొరకట్టి, దుమ్ముతో కలిసి నల్లని జిగురవుతుంది. బాల్కనీ అసలే వద్దు.

పట్టాలు వేయడం

ముందు అంతా జిగురు లేకుండా పరిచి, రైలు తిప్పి చూసి, పెన్సిలుతో గీతలు గీయండి. గీత వెంబడి 3 మి.మీ. కార్కు షీటో ఫోమ్ షీటో ఫెవికాల్‌తో అంటించి, రాత్రంతా పుస్తకాల బరువు పెట్టండి. ఇది చప్పుడు తగ్గిస్తుంది, కంకర గట్టుకి ఆకారమూ ఇస్తుంది. ఆరాక రసమట్టం పెట్టి నాలుగు మూలలా చూడండి. 1 మీటరు మీద 2 మి.మీ. తేడా ఉన్నా కాళ్ళ కింద రేకుముక్క పెట్టి సరిచేయాలి. వంపులో పక్కవాటం ఉంటే తేలిక బోగీ దొర్లుతుంది.

పట్టా ముక్కల్ని కలిపే ఫిష్‌ప్లేటు రెండు పట్టాల కిందికీ దూరిందా అన్నది ప్రతి అతుకు దగ్గరా చూడాలి. ఒక పట్టా ఫిష్‌ప్లేటు మీదికెక్కి కూచోవడం కొత్తవాళ్ళ లేఅవుట్లలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. కళ్ళకి కనపడదు. గోరుతో పట్టా పైన రాస్తూ వెళ్ళండి, తగిలితే అక్కడే. తరవాత గ్యాంగ్‌మన్ చేసినట్టు, తల పట్టా ఎత్తుకి దించి ఒక కన్ను మూసి లైను వెంట చూడండి. వంకర ఉంటే అప్పుడు బయటపడుతుంది.

ఫ్లెక్సిబుల్ పట్టా వాడితే ముక్క 914 మి.మీ. ఉంటుంది. వంపులో రెండు ముక్కలు కలవాల్సి వస్తే, ముందు తిన్నగా ఉంచి అతుకు టంకం వేసి, ఆ తరవాత వంచండి. వంచాక కలిపితే అతుకు దగ్గర మొన తేలుతుంది. మిగతా అతుకుల్లో ఒక విజిటింగ్ కార్డు మందం ఖాళీ వదలండి. డిసెంబరు 24 డిగ్రీల నుంచి కత్తిరి ఎండల 38కి వెళితే ఆ ముక్క పెరిగేది 0.2 మి.మీ. పైచిలుకు, కార్డు మందం 0.3 దాకా ఉంటుంది. మే నెలలో ఫ్యాను కింద చెమటలు కక్కుతూ వేసేవాళ్ళు ఖాళీ వదలకపోయినా నష్టంలేదు.

మేకులు కొట్టేటప్పుడు 1 మి.మీ. డ్రిల్లుతో ముందు బెజ్జం వేయండి. సుత్తితో తల అదిమేదాకా కొట్టకండి. స్లీపరు మధ్యలో వంగితే పట్టాలు రెండూ లోపలికి ఒరిగి గేజి బిగుస్తుంది. ఆ చోట ఒక్క బోగీ మాత్రమే ఎందుకు దిగుతోందో తెలియక చాలామంది చక్రాల్ని తిడుతుంటారు. ఎస్ ఆకారపు వంపు వస్తే రెండు వంపుల మధ్య కనీసం ఒక బోగీ పొడవున తిన్నని పట్టా ఉండాలి. ఇక ఫ్లైఓవరు కోరిక: 100కి 2 కంటే నిటారు ఎత్తు వద్దు. హెచ్‌ఓలో కింది రైలు దూరాలంటే 75 మి.మీ. ఎత్తు కావాలి, దానికి ఎక్కడమే 3.75 మీటర్లు, దిగడం ఇంకో 3.75. మీ లైను మొత్తమే 5.5 మీటర్లు.

కరెంటు

సెట్టుతో వచ్చిన ఒక్క జత వైరుతో సరిపెట్టకండి. ఫిష్‌ప్లేట్లు చిలుము పట్టాక కరెంటు సరిగా పారదు. రైలు అవతలి కొసకి వెళ్ళి మందగించడానికి అదే కారణం. బల్ల కింద లైను వెంబడి 1.5 చదరపు మి.మీ. ఇంటి వైరు రెండు రంగుల్లో లాగండి, బయటి పట్టాకి ఎరుపు, లోపలి పట్టాకి నలుపు. దాన్నించి 0.5 వైరు ముక్కలు నాలుగు చోట్ల పైకి తీసి పట్టాకి టంకం వేయండి. రైలు తిరిగి తిరిగి తన లైనులోకే ఎదురుగా వచ్చి కలిసే లూపు వేస్తే ఎరుపు నలుపు కలిసి షార్టవుతుంది. ఆ లూపు రెండు కొసల్లో, రెండు పట్టాలకీ ప్లాస్టిక్ ఫిష్‌ప్లేట్లు వేసి, మధ్య భాగానికి కరెంటు దిశ తిప్పే డీపీడీటీ స్విచ్చితో కరెంటు ఇవ్వాలి.

టంకం పద్ధతి: 25 వాట్ల ఐరన్, 60/40 టంకం తీగ 0.8 మి.మీ.ది, రోజిన్ ఫ్లక్స్. యాసిడ్ ఫ్లక్స్ వద్దు, ఉప్పుగాలితో కలిసి అతుకును తినేస్తుంది. పట్టా బయటి పక్కను సన్నని ఫైలుతో రెండు గీతలు గీకి, ఫ్లక్స్ రాసి, ముందు పట్టాకీ వైరు కొసకీ విడివిడిగా టంకం పూత పెట్టండి. తరవాత రెంటినీ ఆనించి 2, 3 సెకన్లు. రెండు పక్కలా స్లీపర్ల మీద తడి స్పాంజి ముక్కలుంచితే ప్లాస్టిక్ కరగదు. 5 సెకన్లు దాటినా అంటకపోతే ఐరన్ తీసేయండి. పట్టా మురికిగా ఉందన్నమాట, వేడి చాలక కాదు.

డీసీసీ (ఒక్కో ఇంజనుకీ విడిగా ఆజ్ఞలు పంపే డిజిటల్ పద్ధతి) కావాలా అంటే, ఒక ఇంజను ఒక లూపుకి అక్కర్లేదు. ఒకే లైనులో రెండు ఇంజన్లను విడివిడిగా నడపాలనిపించిన రోజున తీసుకోండి. పైన చెప్పిన వైరింగు అలాగే ఉంటుంది, కంట్రోలరు మారుతుంది. కానీ డీసీ కంట్రోలరునూ డీసీసీనీ ఒకేసారి పట్టాకి తగిలించకూడదు, ఖరీదైనదే ముందు పోతుంది. ఇంజను లోపల ఆ ఆజ్ఞలు అందుకునే డీకోడరు, కొత్తదైతే నంబరు 3తో వస్తుంది. ఇంజన్లన్నిటికీ వెంటనే వేరే నంబర్లు ఇవ్వకపోతే ఒకదాన్ని పిలిస్తే అన్నీ కదులుతాయి. వైరింగు సరిగా ఉందో లేదో తేల్చడానికి రూపాయి బిళ్ళ చాలు. పట్టాల మధ్య దూరం కంటే వెడల్పుంటుంది, రెండు పట్టాల మీదా అడ్డంగా పడుతుంది. డీసీసీ వేసి, లైను పొడుగునా అడుగుకొక చోట బిళ్ళ పెట్టి చూడండి. ప్రతిచోటా, పట్టాకి కరెంటు పంపే బూస్టరు టక్కున ఆగాలి. ఆగని చోట వైరు సన్నం, లేదా అతుకు వదులు. అక్కడ నిజంగా షార్టయిన రోజున బోగీ చక్రాలే కరుగుతాయి.

మొదటి పరుగు

కొత్త ఇంజనును బోగీలు లేకుండా సగం వేగంతో ముందుకి అరగంట, వెనక్కి అరగంట తిప్పండి. తరవాత బోగీల తూకం వేయండి. హెచ్‌ఓ బోగీకి అమెరికన్ మోడలర్ల సంఘం ఎన్ఎంఆర్ఏ చెప్పే లెక్క 1 ఔన్సు, పైన అంగుళానికి అర ఔన్సు. ఐసీఎఫ్ బోగీకి అది 165 గ్రాములు. తక్కువైతే లోపల నేల మీద, మధ్యన, ఇనప నట్లు అంటించండి. పైకప్పుకి అంటిస్తే వంపులో ఒరుగుతుంది. చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 14.4 మి.మీ. దరిదాపుల్లో ఉందో లేదో వెర్నియర్‌తో చూడండి. చక్రం ఇరుసు మీద జరిగితే పాయింటు దగ్గర ఎగురుతుంది.

రైలును వెనక్కి తోయించడమే అసలు పరీక్ష. ముందుకు లాగితే తప్పులు దాక్కుంటాయి.

వేగం గురించి ఒక మాట. హెచ్‌ఓలో గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు 32 సెం.మీ. పై లూపు ఒక చుట్టుకి 17 సెకన్లు పట్టాలి. ఫోనులో స్టాప్‌వాచి పెట్టి చూస్తే కొత్తగా నడిపేవాళ్ళది 5, 6 సెకన్లు వస్తుంది, అంటే గంటకు 300. పినాకినీని అలా నడిపితే గూడూరు రాకముందే పడిపోతుంది.

కంకర

తొందరపడొద్దు. నెల రోజులు నడిపి, పట్టా తప్పే చోట్లన్నీ సరిచేశాకే కంకర పోయండి. జిగురు ఎండాక తప్పు దిద్దడమంటే పట్టా పెకలించడమే.

అసలు లైను మీద కంకర 20 నుంచి 65 మి.మీ. ఉంటుంది. 87తో భాగిస్తే 0.2 నుంచి 0.75. టీ వడపోతలోంచి జారిన ఎం-సాండ్ (రాళ్ళు పొడిచేసి తీసే ఇసుక) ఇంచుమించు ఆ కొలతే. దాన్ని మళ్ళీ పాత సన్నబట్టలో జల్లించి పిండిలాంటిది పారేయండి. మెరీనా ఇసుక ఊరికే దొరుకుతుంది కదా అని తెచ్చుకోకండి. అందులో ఉప్పు ఉంటుంది, గాలిలో చెమ్మను పీల్చి పట్టాని తడిగానే ఉంచుతుంది. పైగా అలలు వదిలిన నల్లని చారల్లో ఇనుము కలిసిన ఖనిజపు రేణువులుంటాయి. ఇంజను మోటారులో అయస్కాంతం వాటిని కింద నుంచి లాక్కుని గేర్లలోకి చేర్చుకుంటుంది. ఏ ఇసుకైనా సరే, కాగితం మీద పరిచి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన అయస్కాంతం మూడుసార్లు తిప్పండి. ఎంత నల్లపొడి అంటుకుంటుందో చూస్తే మీకే తెలుస్తుంది.

పట్టాల మధ్య చెంచాతో పోసి, మెత్తని కుంచెతో స్లీపర్ల మధ్యకి నెట్టండి. స్లీపరు పైముఖం మీద ఒక్క రేణువు మిగలకూడదు. పట్టా లోపలి అంచున అంటుకుంటే చక్రపు అంచు ఎక్కి దిగుతుంది. ఇప్పుడు నీళ్ళలో నాలుగు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి మంచులా స్ప్రే చేయండి. తడిశాక ఫెవికాల్ ఒక పాలు, నీళ్ళు ఒక పాలు, మళ్ళీ రెండు చుక్కల లిక్విడ్ కలిపి సిరంజితో పక్కనుంచి వదలండి. లిక్విడ్ లేకపోతే జిగురు ముత్యంలా పైనే నిలిచి ఇసుకని ఉండ చుడుతుంది. పాయింటు నాలుకలూ వాటిని కలిపే కడ్డీ దగ్గర పొడి కంకర కూడా వద్దు. ఆరడానికి మామూలుగా ఒక రోజు, ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానల్లో రెండు. ఆరాక పట్టా పైముఖం తుడిచి, వాక్యూమ్ గొట్టానికి పాత మేజోడు తొడిగి అంటని ఇసుక లాగేయండి.

కొండలకీ గుట్టలకీ థర్మోకోల్ చాలు. దానికి ఫెవికాలే వాడాలి. ఫెవిబాండ్, స్ప్రే పెయింటు తగిలితే కళ్ళముందే కుంచించుకుపోతుంది. ప్లాట్‌ఫాం ఎత్తు పట్టా పైముఖం నుంచి 9 మి.మీ. కరెంటు స్తంభాలు పెడితే తీగ 63 మి.మీ. ఎత్తున రావాలి. కొలతలకి అనుమానమొస్తే ఐసీఎఫ్ పక్కనున్న రైల్ మ్యూజియంకి వెళ్ళి పాత బోగీల ఫొటోలు పక్కనుంచీ కొసనుంచీ తీసుకురండి. రంగుల గీత ఏ ఎత్తున పడుతుందో బొమ్మల్లో కంటే అక్కడే తెలుస్తుంది.

ఉప్పుగాలి, బల్లులు, పెట్టెలు

వారానికోసారి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు పీచు రాలని గుడ్డకి తడిపి పట్టాలు తుడవండి, కిటికీ తెరిచి. గరుకు కాగితం వద్దు. అది గీసిన గాట్లలో మురికి ఇంకా గట్టిగా పడుతుంది. చక్రాలకి సులువైన దారి: టిష్యూ ముక్క ఆల్కహాలుతో తడిపి పట్టాల మీద అడ్డంగా పరచండి. ఇంజను ఒక కొస చక్రాలు దాని మీద, రెండో కొసవి ఒట్టి పట్టా మీద ఉంచి కరెంటివ్వండి. చేత్తో కదలకుండా పట్టుకుంటే చక్రాలు అక్కడే తిరిగి నల్లని చారలు దిగుతాయి. తరవాత కొసలు మార్చండి. నూనె నెలలతరబడి అక్కర్లేదు. వేసినప్పుడు ప్లాస్టిక్‌కి పడే సన్న నూనె, సూది మొనకి అంటినంత. కొబ్బరి నూనె వేస్తే గేర్లు బంక పట్టి ఇంజను మొరాయిస్తుంది.

పైన దుప్పటి కప్పేటప్పుడు పీచు రాలనిది చూసుకోండి, పట్టాకి తగలకుండా నాలుగు మూలలా కర్రలు నిలబెట్టి కప్పండి. ప్లాస్టిక్ షీటు చెమ్మని లోపలే బంధిస్తుంది. కప్పకపోతే బల్లులు రాత్రుళ్ళు లైను తనిఖీ చేసి సంతకం పెట్టి వెళ్తాయి. ఆ రెట్ట ఎండితే నికెల్ సిల్వర్ మీద మచ్చ పడుతుంది.

నడపకుండా దాచుకునే ఇంజన్లకి అసలు శత్రువు వాటి పెట్టెలోని ఫోమే. వేడికీ చెమ్మకీ అది కొన్నేళ్ళకి బంకలా కరిగి రంగుకి అంటుకుంటుంది. ఫోముకీ ఇంజనుకీ మధ్య ఆమ్లం లేని టిష్యూ కాగితం చుట్టి, సిలికా జెల్ సంచీ ఒకటి పడేయండి. జెల్ రంగు మారితే మార్చండి. పట్టు కోసం ఇంజను చక్రాలకి తొడిగే ట్రాక్షన్ టైర్ల రబ్బరు ఇక్కడి ఎండలకి బిరుసెక్కుతుంది, ఒక జత అదనంగా కొనిపెట్టుకోవాలి.

వాడినవి కొనేటప్పుడు పైరంగు చూసి మురిసిపోకండి. అడుగు తిప్పి చాసిస్ (కింది లోహపు చట్రం) చూడండి. జింకు మిశ్రమంతో పోతపోసిన పాత చాసిస్‌లో సీసం లాంటి మలినాలుంటే ఏళ్ళు గడిచేకొద్దీ లోపల్నించి ఉబ్బి, పగిలి, పెళుసైపోతుంది. చెమ్మ దాన్ని తొందరపెడుతుంది. సన్నని పగుళ్ళు, అరటిపండులా వంగిన అడుగు, పైడొప్ప తీయడానికి రాకుండా బిగుసుకుపోవడం, ఈ మూడింటిలో ఏది కనిపించినా వదిలేయండి. బాగుచేయడం కుదరదు. పట్టా మీద నడిపించమని అడగండి. చక్రం ఒక్కో చుట్టుకీ ఒక టిక్కు వినిపిస్తే ఇరుసు మీది గేరు చీలింది. ఆ గేరు విడిగా దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే బేరం. దొరికేదైతే ధరలో ఆ మేరకు కోయండి.

ఇంటికి తెచ్చాక కొన్న తేదీ, నూనె వేసిన తేదీ, డీకోడరు నంబరు పెట్టె లోపలి మూత మీద పెన్సిలుతో రాసుకోండి. పెన్నుతో వద్దు, నవంబరు వచ్చేసరికి సిరా పాకిపోయి 3 ఏదో 8 ఏదో తెలియదు.